పురుగూ పుట్రా: జానలు వేసే పురుగులు, వాటి తల్లి పురుగులు

తొలకరి పడ్డ దగ్గర్నుంచి ఈ శీర్షికకు వస్తున్న ప్రశ్నల్లో సగానికి సగం ఒకే కుటుంబం గురించి. గొంగళిగా ఉన్నప్పుడు జానలు వేస్తూ నడిచి, రెక్కలొచ్చాక గోడలకు బల్లపరుపుగా అతుక్కునే పురుగులివి. శాస్త్రంలో ఈ కుటుంబం పేరు జియోమెట్రిడే. ఈ నెల జాగా అంతా వీటికే ఇచ్చేస్తున్నాను. పాముల మీదా తేళ్ల మీదా అడిగినవాళ్లు వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి.

ప్రశ్న: సాయంత్రం వరండాలో ట్యూబులైటు వెయ్యగానే చిన్న చిన్న తెల్లటి పురుగులు వచ్చి గోడకు అతుక్కుపోతున్నాయి. రెక్కలు ముడవవు, తోలితే పక్క గోడ మీద వాలతాయి. సీతాకోకచిలుక పిల్లలని మా అత్తగారు అంటారు. నిజమేనా? అన్నంలో పడితే విషమా?
– ఒక గృహిణి, సోంపేట

జవాబు: అత్తగారితో గొడవ పెట్టుకోకండి గానీ, సీతాకోకచిలుకకు రెక్కల పిల్లలుండవమ్మా. రెక్కలొచ్చాక ఏ పురుగూ పెరగదు. పెరిగే పనంతా గొంగళి దశలోనే అయిపోతుంది. మీ గోడ మీదవి ఎంత ఉన్నాయో అంతే, అవి పెద్దవాళ్లే.

రేపు ఒకదాన్ని దగ్గరగా చూడండి. ఫోన్ లైటు ఎదురుగా కాకుండా పక్కనుంచి వెయ్యండి. మీరు రాసినదాన్ని బట్టి అది ఈ కుటుంబంలోని స్కోపులా అనే రకం అయివుండాలి. మీగడ రంగు రెక్కలు, వాటి మీద సన్నని గోధుమరంగు అలల గీతలు, ఒక్కో రెక్క నడిమధ్యన ఆవగింజలో పావు వంతైనా లేని నల్లచుక్క కనిపిస్తాయి. అసలు చూడాల్సింది గీతల్ని. ముందు రెక్క మీద మొదలైన గీత అంచు దాకా వచ్చి ఆగదు, అదే వరసలో వెనక రెక్క మీదికి దిగి సాగిపోతుంది. నాలుగు రెక్కలూ పరిచి పడుకుంటేనే ఆ గీత కుదురుతుంది. గోడ మీద మనకు తెలిసిపోతోంది గానీ, గీతలున్న ఎండుటాకు మీదో చెట్టు బెరడు మీదో వాలితే రెక్క ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో పిట్టకు అందదు. ఈ కుటుంబం మొత్తానికి ఉన్న పోలిక ఇదే: సన్నని ఒళ్లు, ఒంటికి మించిన రెక్కలు, వాలినప్పుడు వాటిని పరిచే అలవాటు. పొగాకు లద్దె తల్లి పురుగును చూడండి. బొద్దుగా ఉంటుంది, రెక్కల్ని ఇంటి కప్పులాగా వాల్చుకుంటుంది. ఈ రెండూ పక్కపక్కన వాలితే చిన్నపిల్లలు కూడా విడదీసి చెప్పేస్తారు.

సీతాకోకచిలుకతో తేడా మీసాల దగ్గర తేలుతుంది. సీతాకోకచిలుక మీసం కొసన చిన్న గుండు ఉంటుంది. ఈ చిమ్మటలకు ఉండదు. కొన్నిటికి ఉత్త దారంలా, కొన్నిటికి దువ్వెన పళ్లలా ఉంటుంది. దువ్వెన మీసం ఉన్నది దాదాపుగా మగదే. చీకట్లో ఆడపురుగు వాసన పట్టడానికి మీసం ఎంత విశాలంగా ఉంటే దానికి అంత లాభం.

విషమేమీ లేదు. ఇవి కరవవు, కుట్టవు. అన్నంలో పడితే తీసి పారేసి తినండి.

ప్రశ్న: నేను ఎనిమిదో తరగతి. మా జామచెట్టు మీద ఒక పురుగు జాన వేసి కొలిచినట్టు నడుస్తోంది. దానికి నడుమ భాగంలో కాళ్లు లేవు. ఎందుకు? అది మనిషిని కాలి నుంచి తల దాకా కొలిస్తే మనిషి చచ్చిపోతాడని మా మామ్మ చెప్పింది. నాకు టెన్షన్‌గా ఉంది, ఎందుకంటే అది నా చేతి మీద మోచేతి దాకా నడిచింది.
– ఒక విద్యార్థి, బొబ్బిలి

జవాబు: మోచేతి దాకా అంటున్నావు, తల ఇంకా చాలా దూరం ఉంది కదా బాబూ! కంగారు పడకు. నా చేతుల మీద, మెడ మీద, ఒకసారి కళ్లద్దాల మీద కూడా ఈ పురుగులు నడిచాయి. పింఛను తీసుకుంటూ ఈ శీర్షిక రాస్తూనే ఉన్నాను.

కాళ్ల సంగతి బాగా కనిపెట్టావు. మామూలు గొంగళికి ఛాతీ కింద మూడు జతల అసలు కాళ్లుంటాయి. పొట్ట కింద కండతో చేసిన ఉత్తుత్తి కాళ్లు ఐదు జతలు. మీ లెక్చరర్లు వీటినే మిథ్యాపాదాలంటారు. పొట్టకు పది ఖండాలనుకుంటే, ఆ ఐదు జతలూ మూడు, నాలుగు, ఐదు, ఆరు, పది ఖండాల కింద ఉంటాయి. నీ జామచెట్టు పురుగుకు ఆరో ఖండం కిందా పదో ఖండం కిందా మాత్రమే మిగిలాయి. నడుమంతా ఖాళీ. అందుకని పాకడానికి వీల్లేదు. ముందు కాళ్లతో కొమ్మను పట్టుకుంటుంది, వెనక కాళ్లను తెచ్చి వాటి వెనకాలే ఆనిస్తుంది, ఒళ్లు సున్నాలా పైకి లేస్తుంది. తర్వాత వెనక కాళ్లు బిగించి, ముందు భాగం వదిలి చాపుతుంది. కొలత అనిపించేది ఇదే. కుటుంబంలో కొన్ని రకాలకు మిగతా జతలు కుదించుకుపోయి బొడిపెల్లా కనిపిస్తాయి, అది వేరే సంగతి.

కాళ్లు పోయినందుకు దానికి ఏం ఒరిగిందో చూడాలంటే దాన్ని కొంచెం కదిలించు. ఊదినా చాలు. వెంటనే వెనక కాళ్లతో కొమ్మను బిగించి పట్టుకుని, ఒంటిని కర్రలా ఏటవాలుగా నిలబెట్టేస్తుంది. అలా గంటలకొద్దీ ఉంటుంది. తల దగ్గర నుంచి కొమ్మకు ఒక సన్నని పట్టుదారం కట్టి ఉంటుంది, అదే దాని ఆసరా. వెలుతురుకు ఎదురుగా పెట్టి చూస్తే మెరుస్తుంది. ఒంటి మీద మొగ్గల్లాంటి బుడిపెలు, ఆకు రాలిన మచ్చల్లాంటి గుర్తులు కూడా ఉంటాయి. నడుమ కాళ్లు వేలాడుతూ ఉంటే పుల్ల వేషం కుదిరేది కాదు. మరీ భయపడితే దారం పట్టుకుని కిందికి జారి గాలిలో వేలాడుతుంది, గండం గడిచాక అదే దారం మీద పైకి ఎక్కుతుంది.

హవాయి దీవుల్లో ఈ కుటుంబానికే చెందిన యూపిథీసియా అనే రకం గొంగళ్లు ఈ పుల్ల వేషాన్ని వేటకు వాడుకున్నాయి. ఆకులు మానేసి, కదలకుండా నిలబడి, ఒంటికి తగిలిన ఈగను ఒక్క ఉదుటున పట్టుకుంటాయి. ఇది 1970ల దాకా ఎవరికీ తెలియదు. మీ మామ్మకు ఈ సంగతి చెప్పు, ఆవిడ కథకు దీటుగా ఉంటుంది.

ప్రశ్న: వేరుశనగ చుట్టూ గట్ల మీద ఆముదం వేశాను. లద్దెలు ఆకుని ఈనెలు మిగిల్చి తినేస్తున్నాయి. నడిచేటప్పుడు కొంచెం వంగి నడుస్తున్నాయి. మీరు గత సంచికలో జానలు వేసే పురుగు వల్ల పంటకు పెద్ద నష్టం లేదని రాశారు. మందుల షాపులో మాత్రం రెండు మందులు కలిపి కొట్టమంటున్నారు. ఎవరి మాట వినాలి?
– ఒక రైతు, చీపురుపల్లి

జవాబు: ఇద్దరి మాటా ఆపి, ముందు కాళ్లు లెక్కపెట్టండి. మీ ఆముదం మీదది దాసరి పురుగు. అది వేరే కుటుంబం, దాని పేరు ఎరెబిడే. దాసరి పురుగుకు పొట్ట కింద కాళ్ల జతల్లో ముందువి మాత్రమే కుదించుకుపోయి ఉంటాయి, మిగతావి పనిచేస్తాయి. అందుకే సగం వంగుతుంది, సగం పాకుతుంది. అసలు జానల పురుగు ఒళ్లంతా సున్నా చుట్టి నడుస్తుంది. తల్లి పురుగులకైతే పోలికే లేదు. దాసరి తల్లి పురుగు బూడిద గోధుమరంగులో బలంగా ఉంటుంది, వెనక రెక్క నలుపు మీద తెల్ల మచ్చలు. అది మన నిమ్మ, బత్తాయి కాయలకు తొండంతో బెజ్జం పెట్టి రసం కూడా పీలుస్తుంది.

ఇక మందు. పొద్దున్నే తోటలోకి వెళ్లి, ఆకు తిరగేసి, లద్దెల్ని ఒక్కొక్కటే చూడండి. లద్దె వెనక భాగం కింద తెల్లటి పట్టుగూడు ఒకటి అతికి ఉందా? వడ్లగింజ కంటే చిన్నది. లద్దె బతికే ఉంటుంది గానీ మందకొడిగా, తిండి మానేసి ఉంటుంది. ఆ గూటిలో ఉన్నది మైక్రోప్లైటిస్ అనే చిన్న కందిరీగ పిల్ల. తల్లి కందిరీగ లద్దె ఒంట్లో గుడ్డు పెడితే, పిల్ల లోపలే తిని బయటికొచ్చి గూడు కట్టుకుంది. రేపో మాపో దానికి రెక్కలొచ్చి ఇంకో లద్దె కోసం బయల్దేరుతుంది. మొక్కకు ఒకటి రెండు అలాంటి గూళ్లు కనిపిస్తే మందు కొట్టనే కొట్టకండి. కొడితే లద్దెలు కొన్ని చస్తాయి, మీ తరఫున జీతం లేకుండా పనిచేస్తున్న కందిరీగలు మాత్రం మొత్తం పోతాయి. రెండు వారాల తర్వాత వచ్చే లద్దెల దండుకు అడ్డే ఉండదు.

గూళ్లు లేకపోతే కూడా ఆముదం పావు వంతు ఆకు పోయినా తట్టుకుంటుంది. ఈలోగా పెద్ద లద్దెల్ని ఏరించండి. తోటలో అక్కడక్కడా టీ ఆకారంలో కర్రలు పాతితే కాకులు, గోరింకలు వాలి మిగతా పని చూస్తాయి. చిన్న లద్దెలకు ఐదు శాతం వేపగింజల కషాయం సరిపోతుంది. రెండు మందులు కలిపి కొట్టడమనేది షాపు లెక్క. పురుగు లెక్క అది కాదు.

ప్రశ్న: మేడం, నేను బీఎస్సీ జువాలజీ ఫైనల్ ఇయర్. ప్రాజెక్టుకు జియోమెట్రిడే తీసుకున్నాను. ఒక్కో పుస్తకంలో ఉపకుటుంబాలు ఒక్కో రకంగా, పేర్లు కూడా వేరుగా ఉన్నాయి. ఏది రాయాలి? పచ్చ పురుగును పట్టి పెట్టెలో పెడితే రంగు వెలిసిపోయింది, ఎందుకు?
– ఒక విద్యార్థిని, శ్రీకాకుళం

జవాబు: పేర్లు మారినందుకు కంగారు పడొద్దమ్మా, అది ఈ శాస్త్రం బతికి ఉందనడానికి గుర్తు. నీ దగ్గరున్న పాత పుస్తకం బహుశా హాంప్సన్ రాసినది, బ్రిటిష్ ఇండియా జంతుజాలం వరుసలో చిమ్మటల మీద. ఈ కుటుంబం 1895లో వచ్చిన మూడో సంపుటంలో ఉంది. అందులో బోర్మియినే అని ఉన్న ఉపకుటుంబమే ఇప్పటి ఎన్నోమినే. అసిడాలియినే అన్నది ఇప్పుడు స్టెరినే. రికార్డులో కొత్త పేరు రాసి, పాతదాన్ని పక్కన పేర్కొంటే ఎగ్జామినర్ నోరెత్తడు.

ఇంకా వెనక్కి పోతే 1758లో లిన్నేయస్ దగ్గర ఆగుతావు. ఆయన చిమ్మటలన్నిటినీ ఫలీనా అనే ఒక్క ప్రజాతిలో పెట్టి, వీటికి జియోమెట్రా అని ఒక విభాగం ఇచ్చాడు. దువ్వెన మీసాలున్న వాటి పేరు చివర ‘ఏరియా’, ఉత్త దారం మీసాలున్న వాటి పేరు చివర ‘ఏటా’ అని కట్టు పెట్టుకున్నాడు. తర్వాత వచ్చినవాళ్లు కూడా చాలామంది ఆ బాటలోనే పోయారు. అందుకే ఈ కుటుంబంలో పేర్లన్నీ ఒకే ప్రాసలో వినిపిస్తాయి. ప్రాసను నమ్మి మీసం రాసెయ్యకు, తర్వాతివాళ్లు ఆ నియమాన్ని సరిగ్గా పాటించలేదు.

ఇప్పటికి పేరు పెట్టిన జాతులు 23,000 పైమాటే. వాటిలో సగానికి దగ్గరగా ఎన్నోమినే ఒక్కటే. దాన్ని పట్టుకునే గుర్తు వెనక రెక్కలో ఉంది. రెక్క నడిమధ్య నుంచి బయటికి పోయే రెండో మీడియన్ ఈనె ఉండదు, లేదా ముడతలాగా మిగిలి ఉంటుంది. పొలుసుల కింద ఈనె కనపడదు కదా, దానికో పద్ధతి. చనిపోయిన పురుగు వెనక రెక్కను వాచ్‌గ్లాసులో పెట్టి, బ్రష్షుతో ఒక చుక్క స్పిరిట్ వెయ్యి. తడి ఉన్న కాసేపు రెక్క గాజులా అయి ఈనెలన్నీ తేలతాయి. ఆరాక మళ్లీ మామూలే, నమూనా పాడవదు. భూతద్దం చేతిలో సిద్ధంగా పెట్టుకుని వెయ్యి, స్పిరిట్ మన వేసవిలో ఆగదు.

లారెన్షియినే ఉపకుటుంబంలో ఆరు వేలకు పైగా జాతులు ఉన్నాయి గానీ వాటికి చల్లదనం ఇష్టం. శ్రీకాకుళంలో లైటు కింద వెతుకుతూ నిరాశపడకు. కొండల మీద, అందులోనూ చలిదేశాల్లో వాటి రాజ్యం. యూరప్‌లో శీతాకాలపు చిమ్మట అని ఒకటుంది. ఆడదానికి రెక్కలు మొండి ముక్కలే. చలిలో చెట్టు మొదలు నుంచి కాళ్లతో ఎక్కుతుంది, మగవి ఎగిరొచ్చి దాన్ని కలుస్తాయి. గుడ్లు పెట్టడానికి ఒళ్లంతా వాడుకుని, ఎగరడానికి పెట్టే ఖర్చు మానేసిందన్న మాట. మన మైదానంలో నీకు దొరికేవి ఎక్కువగా ఎన్నోమినే, స్టెరినే, జియోమెట్రినే. తుమ్మ, దిరిసెన చెట్లున్న చోట కయాస్మియా ప్రజాతివి తప్పకుండా ఉంటాయి. ఈనోక్రోమినే, డెస్మోబాత్రినే, ఆర్కియారినే చిన్నవి, పేర్లు రాసి వదిలెయ్యి. 2019లో డీఎన్ఏ ఆధారంగా ఈ కుటుంబపు వంశవృక్షాన్ని మళ్లీ గీసినప్పుడు ఎపిడెస్మియినే అని ఒకటి కొత్తగా చేరింది. దాన్ని రాస్తే నువ్వు పాత నోట్సు కాపీ కొట్టలేదని తెలుస్తుంది.

పచ్చదాని సంగతి. జియోమెట్రినేలో చాలావాటికి ఒళ్లంతా లేతాకు పచ్చ. మిగతా చిమ్మటల్లో, సీతాకోకచిలుకల్లో పచ్చదనం ఎక్కువగా రంగు కాదు, పొలుసు కట్టుబడి వల్ల వెలుతురు విరిగి వచ్చేది. వీటిలో మాత్రం నిజంగా రంగు పదార్థమే ఉంది, పేరు జియోవెర్డిన్. తడి తగిలితే అది నిలవదు. తేమ డబ్బాలో పురుగును మెత్తబరిచి పిన్ను గుచ్చి ఉంటావు, అక్కడే పోయింది. వీటిని పట్టిన రోజే, తాజాగా ఉండగానే రెక్కలు పరిచి ఆరబెట్టాలి. విజయనగరం సువర్ణరేఖ మామిడి తోటల్లో లేత చిగుళ్ల మీద థలసోడెస్ పచ్చ గొంగళ్లు ఉంటాయి. వాటిని పెంచి రెక్కలొచ్చిన రోజే ఫొటో తీసుకుంటే నీ ప్రాజెక్టుకు అసలు పచ్చ దొరుకుతుంది. గొంగళ్లను ఏరడానికి ముందు తోట వాళ్లను అడుగు, కాపలా మనిషి కుక్క మంచిది కాదు.

ప్రశ్న: పోటీ పరీక్షలకు పాఠాలు చెబుతుంటాను. పరిణామం పాఠంలో ఇంగ్లండు నల్ల చిమ్మట, తెల్ల చిమ్మట కథ చెప్పగానే ఒక కుర్రాడు ‘అది దొంగ ప్రయోగం సార్, యూట్యూబులో చూశాను’ అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఏం చెప్పాలి?
– ఒక అధ్యాపకుడు, పలాస

జవాబు: ఆ కుర్రాడు సగం నిజమే చెప్పాడు తమ్ముడూ, మిగతా సగం మీరు చెప్పండి.

ఆ చిమ్మట బిస్టన్ బెటులేరియా, మన జియోమెట్రిడే, ఎన్నోమినే ఉపకుటుంబం. తెల్ల రెక్కల మీద మిరియాలు చల్లినట్టు చుక్కలు. నల్ల రకం మాంచెస్టర్‌లో మొదట నమోదైంది 1848లో. 1895 నాటికి ఆ ఊళ్లో నూటికి 98 నల్లవే. బొగ్గు మసికి చెట్ల బెరడు నల్లబడింది, దాని మీద తెల్లది పిట్టకు కొట్టొచ్చినట్టు కనపడింది అని 1896లో టట్ అనే ఆయన వివరించాడు. 1950లలో కెటిల్‌వెల్ అనే ఆయన పురుగుల్ని గుర్తు పెట్టి వదిలి, మళ్లీ పట్టి లెక్కలు తీశాడు. విమర్శ వచ్చింది ఇక్కడే. పురుగుల్ని పగటిపూట మానుల మీద వదిలాడు, అవి మామూలుగా వాలేది ఎక్కువగా కొమ్మల దగ్గర. పుస్తకాల్లోని కొన్ని ఫొటోలు చచ్చిన పురుగుల్ని పెట్టి తీసినవే. కుర్రాడు చూసిన వీడియో అక్కడితో ఆగి ఉంటుంది.

తర్వాత మజేరస్ అనే శాస్త్రవేత్త అదే పనిని తప్పులు సరిచేసి మళ్లీ మొదలుపెట్టాడు. 2001 నుంచి 2007 దాకా కేంబ్రిడ్జ్ దగ్గర తోటలో దాదాపు ఐదు వేల పురుగుల్ని వదిలాడు. అప్పటికి గాలి శుభ్రపడింది, 1956లో అక్కడ చట్టం వచ్చింది. కాబట్టి ఈసారి పిట్టలు నల్లవాటిని ఎక్కువగా తినాలి. తిన్నాయి. ఆయన 2009లో పోయాడు, 2012లో సహచరులు ఆ లెక్కల్ని ప్రచురించారు. 2016లో నలుపుకు కారణం కార్టెక్స్ అనే జన్యువులో దూరిన ఒక గెంతుడు డీఎన్ఏ ముక్క అని తేలింది. పిట్టల లెక్క, జన్యువు లెక్క రెండూ దొరికాయి. దొంగ ప్రయోగమన్న మాట ఇక నిలవదు.

మీ క్లాసుకు ఇంకొకటి కూడా చెప్పొచ్చు. నల్ల పురుగులు అంత వేగంగా పెరగాలంటే తెల్లవాటికంటే ఒకటిన్నర రెట్లు నెగ్గుకు రావాలని 1924లో కాగితం మీద లెక్కకట్టినవాడు బ్రిటిష్ శాస్త్రవేత్త జేబీఎస్ హాల్డేన్. ఆయన 1957లో మన దేశం వచ్చేశాడు, పౌరసత్వం తీసుకున్నాడు. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో పోయాడు. ఆయన వీలునామా ప్రకారం దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇచ్చారు. మాంచెస్టర్ పురుగు లెక్క తేల్చిన మనిషి కాకినాడలో వైద్య విద్యార్థులకు పాఠమయ్యాడంటే పలాస పిల్లలు చెవులు రిక్కించి వింటారు.

ప్రశ్న: మా పెదతాతగారి కుటుంబం ఎప్పుడో అస్సాం టీ తోటలకు వలస పోయింది. ఈమధ్య పెళ్లికి వచ్చిన మా అన్నయ్య, అక్కడ జానల పురుగుతో తోటలు బోసిపోతున్నాయని చెప్పాడు. మీరేమో ఇవి అమాయకపు పురుగులంటారు!
– ఒక పాఠకుడు, ఇచ్ఛాపురం

జవాబు: కుటుంబంలో అందరూ ఒక్కలా ఉంటారా? టీ తోటల్లో బిస్టన్ సప్రెసేరియా పేరుమోసిన దొంగ. పై జవాబులో చెప్పిన మాంచెస్టర్ పురుగుకు సొంత దాయాది, ఒకే ప్రజాతి. దానికి తోడు హైపోసిడ్రా టలాకా, నల్ల జానల పురుగని అంటారు. అది టీ ఒక్కటే కాదు, జామ దగ్గర్నుంచి చాలా మొక్కల్ని తింటుంది. మన దగ్గర ఒక పెరట్లో జామ, పక్కన వేప, అవతల సీతాఫలం ఉంటాయి. తిండి చెదిరి ఉంటుంది, పిట్టలు, కందిరీగలు దగ్గర్లోనే ఉంటాయి. కొండ మొత్తం ఒకే మొక్క వేసి, ఏడాది పొడవునా లేత చిగుళ్లు పుట్టిస్తూ, పైన మందులు కొట్టి కందిరీగల్ని చంపేస్తే ఏ పురుగైనా దొంగ అవుతుంది. అన్నయ్యను ఒక మాట అడగండి, పొదల మీద లద్దెలు తలకిందులుగా వేలాడుతూ నీరుకారిపోయి చచ్చి ఉంటున్నాయా అని. అది ఎన్‌పీవీ అనే వైరస్ పని. మనుషులకు ఏమీ చెయ్యదు, ఈ పురుగుల్ని మాత్రం వదలదు. అక్కడి శాస్త్రవేత్తలు దాన్నే మందుగా వాడే దారి చూస్తున్నారు.

ప్రశ్న: లైటు దగ్గర తిరిగే పురుగులు, మేం బండి తాళాల గుత్తి ఊపితే ఠపీమని కింద పడిపోతున్నాయి. మా ఫ్రెండ్స్ ఇది మంత్రమంటున్నారు.
– ఒక మెకానిక్, సాలూరు

జవాబు: ఇనుము ఇనుముకు తగిలినప్పుడు మనకు వినపడే గలగలతో పాటు మనకు వినపడని సన్నని శబ్దం కూడా పుడుతుంది. మన చెవి 20 వేల హెర్ట్జ్ దాటితే పనిచెయ్యదు. గబ్బిలం వేట కోసం చేసే కేక చాలావరకు దానికి పైన ఉంటుంది. జియోమెట్రిడే పురుగుకు పొట్ట మొదట్లో, ఛాతీకి కలిసే చోట, రెండు పక్కలా రెండు చెవులున్నాయి. పల్చటి పొర, దాని వెనక నాలుగే నాలుగు నాడీకణాలు. ఆ నాలుగూ 20 వేల నుంచి 60 వేల హెర్ట్జ్ మధ్య బాగా చురుకు. శబ్దం దూరం నుంచి సన్నగా వస్తే పురుగు అవతలి వైపు తిరిగిపోతుంది. గట్టిగా వస్తే గబ్బిలం నెత్తి మీదికొచ్చిందని రెక్కలు ముడిచి పడిపోతుంది. మీ తాళాల గుత్తి దానికి గబ్బిలం.

పొగాకు లద్దె బంధువులకు చెవులు ఛాతీ మీదుంటాయి, వీటికి పొట్ట మీద. వర్గీకరణ చేసేవాళ్లకు అది పెద్ద గుర్తు. అన్ని పురుగులూ పడవు, చెవి లేనివి మీ గుత్తిని లెక్కచెయ్యవు. షెడ్డు మూసే వేళ ఒకసారి ఏది పడింది, ఏది పడలేదు అని చూసి రాయండి, నాకు నిజంగానే కావాలి.

ప్రశ్న: ఈ జానల పురుగు ఒంటి మీద పాకితే దద్దుర్లు వస్తాయా?
– నరసన్నపేట నుంచి

జవాబు: రావు. వీటికి దురద పెట్టే నూగు లేదు. మీకు దద్దుర్లు వచ్చి ఉంటే మునగచెట్టు వెతకండి. మాను మీద గుంపులుగా, ఒళ్లంతా బొచ్చుతో ఉండే గొంగళ్లు కనిపిస్తాయి. చేత్తో తియ్యకండి, చీపురుకట్టకు కూడా బొచ్చు అంటుకుంటుంది, తర్వాత దాన్ని ఇంట్లో వాడొద్దు.

ప్రశ్న: అసలివి లైటు దగ్గరికి ఎందుకొస్తాయి? అన్నం తినేటప్పుడు మా ఇంట్లో గొడవగా ఉంది.
– ఒక పాఠకురాలు, గరివిడి

జవాబు: మోహంతో దీపంలో పడతాయని కవులు చెప్పారు. 2024లో వచ్చిన పరిశోధన ఇంకోలా చెప్పింది. ఎగిరే పురుగు ఎప్పుడూ వెలుతురు వైపుకు వీపు పెట్టుకుంటుంది. రాత్రిపూట వెలుతురంటే పైనున్న ఆకాశమే కాబట్టి, అలా చేస్తే తను నిటారుగా ఉన్నట్టు లెక్క. మన బల్బు పక్కన వెలిగితే పాపం అటు వీపు తిప్పుతుంది, వాలిపోతుంది, చుట్టూ తిరుగుతూనే ఉంటుంది, బయటపడలేదు.

అందుకని మీరు చెయ్యాల్సింది సులువు. భోజనాల గదిలో తెల్ల ట్యూబు తీసేసి పసుపు వెలుతురు ఎల్ఈడీ వెయ్యండి, దానికి తక్కువ వస్తాయి. భోజనాల వేళ వరండాలో, తలుపుకు దూరంగా, ఆ పాత తెల్ల ట్యూబు వెలిగించి ఉంచండి. కిటికీలకు దోమల జాలీ బిగించండి. వరండా గోడ మీద వాలినవాటిని చీపురుతో కొట్టకండి, ఫొటో తీసి పంపండి. పక్కన రూపాయి బిళ్ల పెట్టి తీస్తే కొలత తెలుస్తుంది. నాలుగు రెక్కలూ ఫొటోలోకి రావాలి. గొంగళి అయితే పక్కనుంచి, కాళ్లు కనిపించేలా తియ్యండి. ఏ చెట్టు మీద దొరికిందో రాయకపోతే మాత్రం జవాబు రాయను.